హీరోకి తుపాకీ వద్దు, ఒక గుమస్తాని వెతికిపెట్టండి

ముందు మీ ప్రశ్న నా మాటల్లో ఒకసారి చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూసుకోండి. మీ నవలలో హీరో ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసర్. విలన్ శేషాచలం అడవుల్లోంచి ఎర్రచందనం తరలించే ముఠాకి పెద్ద. అతనికి తిరుపతి చుట్టుపక్కల కల్యాణమండపాలు, క్వారీలు, మామిడితోటలు ఉన్నాయి. హీరో అర్ధరాత్రి గోడ దూకి ఒక నల్ల డైరీ పట్టుకుంటాడు. క్లైమాక్స్‌లో సర్వీస్ రివాల్వర్ తీసి విలన్‌కి బేడీలు వేస్తాడు. మీరు అడిగినవి మూడు: ఇది నమ్మేలా ఉందా? డైరీ దొరికితే కేసు గెలిచినట్టేనా? అమెరికాలో అల్ కపోన్ అనే గ్యాంగ్‌స్టర్‌ని ట్యాక్స్ వాళ్లే లోపల వేశారంటారు, అది నిజమేనా?

పన్నుల శాఖలో ముప్పై ఏళ్లు దాటి పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం దాకా సోదాలూ విచారణలే. ఇన్నేళ్లలో శాఖ నాకిచ్చిన ఆయుధాలు పెన్ను, రబ్బరు స్టాంపు, లక్క కడ్డీ. రివాల్వర్ ఎవరిదైనా బీరువాలో దొరికితే పంచనామాలో రాయడం తప్ప పట్టుకున్న పాపాన పోలేదు. బేడీల సంగతి అంతకన్నా అన్యాయం. 1961 ఆదాయపన్ను చట్టం కింద సోదాకి వెళ్లిన అధికారికి అరెస్టు చేసే అధికారమే లేదు. తాళం పగలగొట్టొచ్చు, బీరువా తెరిపించొచ్చు, మనిషి జేబులు వెతకొచ్చు, ప్రమాణం చేయించి వాంగ్మూలం రాయించొచ్చు, దొరికిన పుస్తకాలూ డబ్బూ సీజ్ చేయొచ్చు. జైలుకి పంపాలంటే మాత్రం తర్వాత మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు దాఖలు చేసి, వాయిదాలకి తిరగాల్సిందే. మీ విలన్ ఆ రాత్రి తన మంచం మీదే పడుకుంటాడు. ఆ మాటకొస్తే మీ హీరో టీమ్‌లో ఇద్దరు అదే ఇంటి సోఫాలో కునికిపాట్లు పడుతుంటారు, ఎందుకంటే సోదా రెండో రోజుకి సాగుతుంది.

బేడీలు లేకపోతే పాఠకుడు ఒప్పుకోడు అనుకుంటే హీరోని జీఎస్టీ ఇంటెలిజెన్స్‌కి మార్చండి. అక్కడ నకిలీ ఇన్‌వాయిస్‌ల మీద కాజేసిన క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు పన్ను కట్టామని చూపించి తగ్గించుకునే మొత్తం) 5 కోట్లు దాటితే నాన్‌బెయిలబుల్, ఐదేళ్లదాకా శిక్ష. అరెస్టుకి కమిషనర్ కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాధికా అగర్వాల్ కేసులో ఆ కారణాలు ఎంత గట్టిగా ఉండాలో చెప్పింది కాబట్టి, కోపం వచ్చి చొక్కా పట్టుకుని లాక్కుపోయే సీను అక్కడా కుదరదు. కథాకాలం కూడా చూసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. "సెక్షన్ 132 కింద సోదా" అనే డైలాగు ఉండాలంటే కథని అంతకుముందు పెట్టండి.

గోడ దూకడం మాత్రం ఉంచుకోండి. అది నిజంగా జరుగుతుంది. కాలింగ్ బెల్ కొట్టాక లోపలివాళ్లు పది నిమిషాలు తలుపు తీయకపోతే, ఆ పది నిమిషాల్లో ఏం కాలిపోతోందో, ఏది మరుగుదొడ్డిలో కొట్టుకుపోతోందో తెలీదు. నాతో వచ్చిన యాభై మూడేళ్ల ఇన్‌స్పెక్టర్ ఒకాయన దూకాడు. ప్యాంటు చిరిగి, రోజంతా ఆ ఇంటివాళ్లిచ్చిన లుంగీ మీదే పంచనామా రాశాడు. రహస్యం విషయంలో కూడా మీ ఊహ కంటే నిజమే బాగుంటుంది. 2022 ఆగస్టులో మహారాష్ట్ర జాల్నాలో శాఖవాళ్లు పెళ్లివారి కార్లలాగా స్టిక్కర్లు అంటించుకుని వెళ్లారని పేపర్లన్నీ రాశాయి. అక్కడ దొరికిన నగదు 56 కోట్లు. వెళ్లేవాళ్లలో చాలామందికి తెల్లవారుజామున కవరు విప్పేదాకా ఏ ఊరో, ఎవరిల్లో తెలీదు.

ఇక అసలు విషయం, డైరీ. మీ కథ మొత్తం దీనిమీద నిలబడింది, సరిగ్గా ఇక్కడే కూలిపోతుంది కూడా. డైరీ తనంతట తాను మాట్లాడదు. దాన్ని రాసినవాడు వచ్చి "ఇది నా చేతిరాత, ఈ అంకె అంటే ఇంత డబ్బు, ఈ పొడి అక్షరం అంటే ఫలానా ఆయన" అని చెప్పేదాకా అది చిత్తుకాగితమే. మా భాషలో దాన్ని డంబ్ డాక్యుమెంట్ అంటాం.

మన దేశంలో దీనికి పెద్ద ఉదాహరణ జైన్ హవాలా కేసు. 1991లో సీబీఐ సోదాల్లో డైరీలు, చిన్న నోటుపుస్తకాలు, విడి కాగితాల ఫైళ్లు దొరికాయి. పొడి అక్షరాలు, పక్కన అంకెలు. అవి రాజకీయ నాయకులకి ముట్టిన డబ్బేనన్నారు, దేశ రాజకీయం అదిరిపోయింది. 1998లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? విడి కాగితాలు అసలు లెక్కల పుస్తకం కిందకే రావు, పుస్తకమే అయినా అందులోని పద్దు ఒక్కదాన్ని పట్టుకుని ఇంకొకడి మీద నేరం మోపలేరు, వేరే సాక్ష్యం తోడుండాలి అంది. ఆ తోడు దొరకలేదు. కేసు గాలికి పోయింది.

కపోన్ విషయానికి వస్తాను, ఎందుకంటే అక్కడ ఆ తోడు దొరికింది. తేడా మొత్తం అదే.

1920లో అమెరికాలో మద్యనిషేధం వచ్చింది. చికాగోలో సారా, జూదం, వాటాల కోసం హత్యలు. కపోన్ ఎప్పుడూ పీపా మోయలేదు, లారీ తోలలేదు. బ్యాంకులో అతని పేర ఖాతా లేదు, రిటర్ను ఎప్పుడూ వేయలేదు. మన శేషాచలం కథే చూడండి. 2015 ఏప్రిల్ 7న అక్కడ పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మంది తమిళనాడు నుంచి చెట్టు కొట్టడానికి వచ్చిన కూలీలు. దుంగ మీద చెయ్యి వేసేవాడు ఒకడు, దాని డబ్బు తినేవాడు ఇంకొకడు. పైవాడిని తాకేది ఒక్క డబ్బే. కాబట్టి అతన్ని పట్టుకునే దారీ అదొక్కటే.

1927లో అమెరికా సుప్రీంకోర్టు సలివన్ అనే సారా వ్యాపారి కేసులో, అక్రమ సంపాదన అయినా పన్ను కట్టాల్సిందే, రిటర్ను వేస్తే నేరం ఒప్పుకున్నట్టవుతుంది కదా అన్న వాదన చెల్లదు అని తేల్చింది. దాంతో ట్రెజరీ శాఖలో ఎల్మర్ ఐరీ నడిపే ఇంటెలిజెన్స్ యూనిట్‌కి దారి దొరికింది. ఐరీ చికాగోకి పంపినవాడు ఫ్రాంక్ విల్సన్. కళ్లజోడు పెట్టుకుని లెక్కలు చూసే మనిషి. మైకేల్ మలోన్ అనే ఇంకొకాయన మారుపేరుతో కపోన్ మకాం ఉండే లెక్సింగ్టన్ హోటల్లోనే గది తీసుకుని ముఠాలో కలిసిపోయాడు. మీ నవలకి ఆ పాత్ర కావాలంటే అప్పు తీసుకోండి.

మొదట వాళ్లు పట్టుకున్నది ఖర్చు. ఆదాయం దాచొచ్చు, ఖర్చు దాచడం కష్టం. హోటల్ బిల్లులు, కుట్టించిన సూట్లు, టెలిఫోన్ బిల్లులు, ఫ్లోరిడా ఇంటి సామాన్లు. దర్జీలు, దుకాణదారులు కోర్టుకి వచ్చి ఏది ఎంతకి అమ్మారో చెప్పారు. పట్టు లోదుస్తుల లెక్క కూడా జ్యూరీ ముందు చదివారు. కానీ ఖర్చు ఒక్కటే చాలదు, ఆదాయం ఎక్కడిదో ఒక తాడు కావాలి. ఆ తాడు 1926 నుంచీ ప్రభుత్వం బీరువాలోనే పడి ఉంది. ఆ ఏడాది మెక్‌స్విగిన్ అనే ప్రాసిక్యూటర్ హత్య జరిగాక చికాగో పక్కనున్న సిసెరోలోని ఒక జూదశాల మీద దాడిచేసి కొన్ని లెక్కల పుస్తకాలు తెచ్చారు. ఎవరూ తెరిచి చూడలేదు. ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యమేమీ కనపడదు. 1930లో ఒక రాత్రి పాత కాగితాల మధ్య విల్సన్ చేతికి అవి తగిలాయి. రౌలెట్, క్రాప్స్, గుర్రప్పందేలు అని గడులు, రోజువారీ లాభాలు, పంపకాలు. మన చిట్టా-ఆవర్జా లాంటివే.

మీ కథ అయితే ఇక్కడ క్లైమాక్స్. విల్సన్‌కి ఇక్కడే పని మొదలైంది. ఆ చేతిరాత ఎవరిది? చికాగోలో బ్యాంకుల డిపాజిట్ చీటీలు, దొరికిన ప్రతి సంతకం పక్కన పెట్టి పోల్చుకుంటూ పోతే చివరికి ఒక పేరు తేలింది. లెస్లీ షమ్‌వే. ఆ జూదశాలలో క్యాషియర్. 1931 మొదట్లో మయామీలో కుక్కల పందేల మైదానంలో పనిచేస్తూ దొరికాడు. విల్సన్ తర్వాత చెప్పుకున్న దాన్నిబట్టి, అతని ముందు రెండు దారులు పెట్టాడు. చప్పుడు లేకుండా నాతో వచ్చి చెప్పు. లేదా నలుగురి ముందూ నీకు సమన్లు ఇస్తాను, సాయంత్రానికి నువ్వెక్కడున్నావో ముఠాకి తెలిసిపోతుంది. ఒక్క దెబ్బ లేదు, ఒక్క కేక లేదు. ఆలోచిస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది, నాకైతే కొంచెం తప్పుగా కూడా అనిపిస్తుంది. సాక్ష్యం చెప్పే రోజుదాకా అతన్ని దాచి ఉంచారు. ఫ్రెడ్ రీస్ అనే ఇంకో క్యాషియర్ కూడా నోరు విప్పాడు.

1931 అక్టోబరులో విచారణ. జ్యూరీని కొనేశారని సమాచారం వచ్చింది. జడ్జి విల్కర్సన్ విచారణ మొదలయ్యే పొద్దున తన కోర్టు జ్యూరీ జాబితాని పక్క కోర్టు జాబితాతో మార్చేశాడు. కొన్న డబ్బంతా బూడిదలో పోసినట్టయింది. డిఫెన్స్ వాళ్లు బుకీలని తెచ్చి, మావాడు పందేల్లో కుప్పలుగా పోగొట్టుకున్నాడని చెప్పించారు. మరి పోగొట్టుకోవడానికి ఆ డబ్బు ఎక్కడిది? దానికి జవాబు లేదు, దొంగకి తేలు కుట్టినట్టయింది. అంతకుముందే అతని పన్నుల లాయరు, కట్టేస్తే పోతుంది కదా అని, తన క్లయింటుకి ఏ ఏడాది ఎంత ఆదాయం ఉండొచ్చో ఉత్తరం రాసి ఇచ్చాడు. అదీ సాక్ష్యంలోకి వచ్చింది. అక్టోబరు 24న పడిన శిక్ష 11 ఏళ్ల జైలు, 50,000 డాలర్ల జరిమానా. మద్యనిషేధం కింద మోపిన వేల నేరాలు విచారణకే రాలేదు. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం సారా బట్టీలు పగలగొట్టిన ఎలియట్ నెస్‌ని. ట్యాక్స్ వాళ్ల రాత అంతే.

కాబట్టి మీ నవలకి గుండెకాయ డైరీ కాదు, దాన్ని రాసిన గుమస్తా. నెలకి పాతికవేల జీతగాడు. యజమాని కూతురి పెళ్లికి వచ్చినవాళ్లకి తాంబూలాలు ఇచ్చినవాడు. తన కొడుకు ఇంజనీరింగ్ ఫీజు యజమానే కట్టాడు. కృతజ్ఞత ఉంది, భయం ఉంది, తనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదన్న చిన్న గర్వం కూడా ఉంది. సమన్లు ఇచ్చి పిలిస్తే మొదటిరోజు "నాకేం తెలీదు సార్, ఆడిటర్ గారిని అడగండి" అంటాడు. నేను చూసినవాళ్లలో నూటికి తొంభైమంది బెదిరిస్తే మూసుకుపోయారు. పని గురించి అడిగితే విప్పారు. "ఈ పద్దు ఇంత నీట్‌గా ఎలా రాశావయ్యా, ఈ సున్నలు రెండే ఎందుకు పెట్టావు?" అంటే, తెలీకుండానే చెప్పడం మొదలుపెడతాడు. రెండు సున్నలు ఎప్పుడూ ఎగరగొడతాం సార్, అది మా అలవాటు. ఆ ఒక్క మాటతో 4,500 అన్న అంకె నాలుగున్నర లక్షలవుతుంది.

చెప్పినవాడు మాట మీద నిలబడతాడా అన్నది రెండో సగం. వారం తిరక్కుండా లాయరు అఫిడవిట్ వస్తుంది: రాత్రంతా నిద్రపోనీయకుండా బలవంతంగా రాయించుకున్నారు అని. కొన్నిసార్లు అది నిజం కూడా. అందుకే 2003లోనే మా శాఖపైన ఉండే ప్రత్యక్ష పన్నుల బోర్డు, ఒప్పుకోలు రాయించుకోవడం కాదు, ఆధారాలు సేకరించండి అని ఆదేశించింది. చెంపదెబ్బతో నిజం కక్కించే సీను మీరు రాస్తే, నాలాంటి పాఠకుడు అక్కడే పుస్తకం మూసి "కేసు పోయింది" అనుకుంటాడు. ఇంకో చిక్కు, గుమస్తాకి రక్షణ ఇచ్చే శక్తి మీ హీరోకి లేదు. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది. కానీ దరఖాస్తు వెళ్లేది జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి, ప్రమాదం ఎంతో నివేదిక ఇచ్చేది పోలీసులు. ఆ పోలీసుల్లో విలన్ మనిషి ఒకడుంటే? మీ రివాల్వర్ సీనుకన్నా ఇందులో సస్పెన్స్ ఎక్కువ కదా.

సాక్ష్యానికి తోడు ఎక్కడెక్కడ దొరుకుతుందో ఒకటి చెప్తాను. ఒక జిల్లా కేంద్రంలో ఇనుప తుక్కు వ్యాపారి ఇల్లు. పొద్దున ఆరింటికి వెళ్లాం, మధ్యాహ్నం రెండైనా పనికొచ్చే కాగితం ముక్క లేదు. చిట్టా, బిల్లులు, రిటర్నులు అద్దంలా ఉన్నాయి. అంత శుభ్రంగా ఉంటేనే నాకు అనుమానం. మంచినీళ్లకని వంటింటి గుమ్మం దాకా వెళ్తే, పక్కన మేకుకి తిథుల క్యాలెండర్. ప్రతి తారీకు గడిలో పాల ప్యాకెట్ల లెక్క పెన్సిల్‌తో: 3, 3, 3, 3. అక్కడక్కడ 7, 8. "ఆ రోజుల్లో చుట్టాలొచ్చారామ్మా?" అని ఊరికే అడిగాను. "లేదు బాబూ, రాత్రిపూట లోడు దిగితే హమాలీలకి టీ పెట్టాలి కదా" అంది ఆ ఇల్లాలు. హాల్లో కూచున్న భర్త లేచి నిలబడ్డాడు. ఆ తారీకుల్లో పుస్తకాల్లో ఒక్క కొనుగోలు లేదు. ఊరి చివర కాటా దగ్గర తూకం చీటీల నకళ్లు తెప్పిస్తే ఆ రాత్రులన్నీ అక్కడున్నాయి, లారీ నంబర్లతో సహా. క్యాలెండర్ సీజ్ చేసి జాబితాలో "గోడ క్యాలెండర్ ఒకటి, 12 పేజీలు" అని రాస్తుంటే, ఆవిడ వచ్చి ఏకాదశి ఎప్పుడో చూసుకోవాలి, జిరాక్సు ఇవ్వండి అని అడిగింది. ఇచ్చాం.

మీ విలన్ మామిడితోటల్ని మీరు అలంకారానికి పెట్టినట్టున్నారు. అవే అసలు ఆయువుపట్టు. వ్యవసాయ ఆదాయానికి మన దేశంలో ఆదాయపన్ను లేదు. దుంగలమ్మిన డబ్బు తోతాపురి కాయలమ్మిన డబ్బుగా మారితే కడిగేసినట్టే. ఆడిటర్ రిటర్నులో వ్యవసాయ ఆదాయం ఇన్ని కోట్లు అని చూపిస్తాడు. ఇక్కడ మీ హీరో చేయాల్సిన సాహసం ఏమిటంటే, ఎండలో తోటకి వెళ్లి చెట్లు లెక్కపెట్టడం. పది మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 40 చెట్లే పడతాయి, అది లెక్కల మాస్టారు కూడా మార్చలేడు. అడంగల్‌లో పంట కాలమ్‌లో ఏముంది? మొక్కల వయసెంత? మూడేళ్ల మొక్క ఎన్ని కాయలు కాస్తుంది? బోరుకి కరెంటు బిల్లు వచ్చిందా? కాయలు ఏ మండీకి, ఏ గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లాయి, అక్కడి రసీదులేవి? తోట కాపలా ముసలాయన "ఈ ఏడు పూతే నిలవలేదు సామీ" అన్నాడంటే, కోట్ల పంట ఆ ఒక్క వాక్యంతో రాలిపోతుంది.

లెక్క చెప్పలేని డబ్బునీ, లెక్క చెప్పలేని ఖర్చునీ ఆదాయం కింద కట్టి 60 శాతం పన్ను, దాని మీద సర్‌చార్జి, సెస్సు వేస్తే మొత్తం 78 శాతం చేరేది. ఎక్కడిదో చెప్పుకోవాల్సిన భారం అతనిదే. కథ ఎంత అల్లినా, మామూలు మనిషి నమ్ముతాడా అన్నది చూస్తారు. 1995లో సుమతి దయాళ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. గుర్రప్పందేల్లో వరసగా జాక్‌పాట్‌లు తగిలాయన్న వివరణ, వాటిలో మన హైదరాబాద్ పందేలు కూడా ఉన్నాయి, మానవ సహజంగా నమ్మదగ్గది కాదంది. కానీ గుర్తుంచుకోండి, ఇది పన్ను వేయడానికి చాలే కొలత. జైలుకి పంపడానికి అనుమానానికి తావులేని రుజువు కావాలి. ఒకే కాగితం మీద విలన్ పన్నుల ట్రిబ్యునల్లో ఓడి, క్రిమినల్ కోర్టులో గెలవొచ్చు. మీ ముగింపుకి ఈ చేదు పనికొస్తుంది.

విలన్ ఆడిటర్‌కి కూడా మంచి డైలాగు ఇవ్వండి, మన సినిమాల్లో అతనెప్పుడూ చేతులు నలుపుకునే మనిషే. 1958లో ప్యారాసింగ్ అనే అతను 65,500 రూపాయలతో సరిహద్దు దాటుతూ పట్టుబడ్డాడు, పాకిస్తాన్‌లో బంగారం కొని దొంగతనంగా తేవడానికి. ఆ డబ్బు జప్తు అయింది. పన్ను శాఖ అందులో చాలావరకు అతని ఆదాయమే అంది. స్మగ్లింగే అతని వ్యాపారమైతే జప్తైన డబ్బు ఆ వ్యాపారంలో వచ్చిన నష్టమే కదా అని 1980లో సుప్రీంకోర్టు దాన్ని తీసేయనిచ్చింది. 2006లో ఒక డాక్టరు దగ్గర పట్టుకున్న హెరాయిన్ విషయంలోనూ అదే మాట. నైతికత వేరు, చట్టం వేరు అంది. ఇప్పుడు మీ ఆడిటర్ లేచి "అయ్యా, మావాడిది ఎర్రచందనం వ్యాపారం అంటున్నారు కదా, మరి అటవీశాఖ పట్టుకుపోయిన దుంగల విలువ నష్టంగా తీసేయండి" అంటే? హీరో ఒక్క క్షణం తడబడాలి. ఆ తర్వాత, లెక్క చెప్పని ఆదాయంగా కడితే ఏ నష్టమూ తీసేయడానికి వీల్లేదన్న 115బీబీఈ సెక్షన్ తీయాలి. నాకైతే ఇది తుపాకులకంటే బాగుంటుంది, వృత్తి పైత్యం అనుకోండి.

ప్రాణభయం లేదా అంటే, ఉంది. 1993లో అలహాబాద్‌లో కస్టమ్స్ అధికారి ఎల్.డి. అరోరాని కాల్చి చంపారు. ఇంకోటి గోవా కథ, దాన్ని చదివి తీరాలి మీరు. 1991 మేలో కస్టమ్స్ ఉద్యోగి కోస్తావ్ ఫెర్నాండెజ్ దొంగ బంగారం ఉందన్న కారుని ఒంటరిగా అడ్డుకున్నాడు. పెనుగులాటలో అవతలి మనిషి చనిపోయాడు. సీబీఐ హత్యకేసు పెట్టింది, ఫెర్నాండెజ్ మీద. ఆ కేసు నుంచి బయటపడడానికి 1996లో సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకుని ఉంటారో ఊహించండి, మీకు నవలలో వంద పేజీలు వస్తాయి.

మాలో ఎక్కువమందికి ఎదురయ్యేది బుల్లెట్ కాదు, ఆకాశరామన్న ఉత్తరం. సోదా అయిన నెలకి మీ హీరో లంచం అడిగాడని, సోదాలో ఇంటావిడ గాజులు మాయమయ్యాయని ఫిర్యాదు వస్తుంది. విచారణ, సంజాయిషీ, ప్రమోషన్ ఆగడం. లేదా మర్యాదగా వేరే రాష్ట్రానికి బదిలీ. కొత్తగా వచ్చినవాడు ఫైలు మొదటి పేజీ నుంచి చదువుకోవాలి, అసెస్‌మెంట్ గడువు మాత్రం అతని కోసం ఆగదు. మాకు టైమ్‌బార్, అంటే గడువు దాటి కేసు చేజారడం అన్నదే టైమ్‌బాంబు. అందుకే అనుభవమున్నవాడు సోదా మొదట్లోనే టీమ్ మొత్తాన్నీ ఇంటివాళ్ల చేత వెతికించుకుంటాడు, అది వాళ్ల హక్కు కూడా. వెళ్లేటప్పుడు మళ్లీ అదే చేసి పంచనామాలో రాయిస్తాడు. మీ హీరో మొదటి సీనులో చేతులు పైకెత్తి విలన్ చేత జేబులు తడిమించుకోనివ్వండి.

చిన్న సవరణలు కొన్ని. సోదా చేయించేది ఇన్వెస్టిగేషన్ వింగ్, అక్కడ మీ హీరో హోదా డిప్యూటీ డైరెక్టర్. "ఐటీ కమిషనర్ స్వయంగా గోడ దూకాడు" అని రాయకండి, నవ్వుతారు. ఇంట్లో బంగారం మొత్తం ఊడ్చుకుపోయినట్టు రాశారు. 1994 ఆదేశం ప్రకారం పెళ్లయిన ఆడవాళ్లకి 500 గ్రాములు, పెళ్లికాని అమ్మాయికి 250, మగవాళ్లకి 100 దాకా వదిలేస్తారు. ఆడవాళ్లని వెతికేది ఆడ ఉద్యోగులే. బడికెళ్లే పిల్లల్ని పుస్తకాల సంచీ చూసి పంపేస్తారు. మీరు విలన్ మనవరాలిని రోజంతా ఏడుస్తూ మూల కూచోబెట్టారు, ఆ పిల్లని బడికి పంపించండి. కావాలంటే ఆ సంచీలో ఏదైనా పెట్టండి.